వేజ్‌లో పెట్టిన గులాబీలు రెండో రోజుకే తల వాల్చేస్తుంటే

ప్రశ్న క్లుప్తంగా ఇది: వారానికోసారి మార్కెట్లో డచ్ గులాబీల కట్ట, కొన్ని జెర్బెరాలు, నాలుగు రజనీగంధ కాడలు తెచ్చి గాజు వేజ్‌లో నిండా నీళ్లు పోసి పెడుతున్నారు. రెండో రోజు సాయంత్రానికల్లా గులాబీలు మెడ వాల్చేస్తున్నాయి, జెర్బెరాలు మధ్యలో వంగిపోతున్నాయి. ఆస్పిరిన్ వేశారు, రాగి బిళ్ళ వేశారు, పంచదార వేశారు. ఏదీ పని చేయలేదు. పూలకొట్లో నాలుగు రోజులు నిలిచే పూలు మా ఇంట్లోనే ఎందుకు నిలవడం లేదు, ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని అడిగారు.

మీ పూలు నీళ్లలో నిలబడే దాహంతో వాడిపోతున్నాయండి. కాడ చివర మూసుకుపోవడం వల్ల నీళ్లు తలదాకా ఎక్కడం లేదు. అందుకని ముందు చేయాల్సింది ఇది: వేజ్‌ని సబ్బు పెట్టి బ్రష్‌తో తోమండి. ప్రతి కాడనూ చివర ఒక అంగుళం కోసేయండి. నీళ్లలో మునిగే ఆకు ఒక్కటి కూడా ఉంచకండి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చి, మార్చినప్పుడల్లా మరో అరంగుళం కోయండి. పూలు తాజావైతే చాలు, ఏ మందూ వేయకుండానే గులాబీలు ఐదారు రోజులు నిలుస్తాయి. మందు సంగతి తర్వాత చెప్తాను. ఈ పనులు చేయకుండా ఏం కలిపినా దండగే, ముఖ్యంగా పంచదార. శుభ్రంగా లేని వేజ్‌లో పంచదార కలిపితే పూల కంటే ముందు బాక్టీరియా తింటుంది. మీరు పంచదార వేసినప్పుడు పూలు ఇంకా తొందరగా పోయి ఉంటాయి, గుర్తు చేసుకోండి.

కాడ మూసుకుపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి గాలి. మొక్క నుంచి కోయగానే కాడలో నీళ్లు పైకి మోసే సన్నటి గొట్టాల్లోకి గాలి దూరుతుంది. ఆ బుడగ అడ్డం పడితే కింద ఎన్ని నీళ్లున్నా పైకి ఎక్కవు. రెండోది బాక్టీరియా. కోసిన చోట నుంచి రసం కారుతుంది, మునిగిన ఆకులు కుళ్లుతాయి, వాటి మీద బాక్టీరియా పెరిగి జిగురు చేస్తుంది. ఆ జిగురు గొట్టాలకు అడ్డం పడుతుంది. రెండు రోజుల నాటి వేజ్‌లో చెయ్యి పెట్టి గోడ తడిమితే జారుడుగా తగిలేది అదే. నీళ్లు కంటికి తేటగా కనబడినా సరే, గోడ జారుతోందంటే కాడలు సగం మూసుకుపోయినట్టే. వాసన వచ్చేదాకా ఆగితే చాలా ఆలస్యం.

వేజ్ తోమేటప్పుడు సన్నమెడ సీసాల అడుగు చేతికి అందదు. గుప్పెడు బియ్యం, సబ్బు నీళ్లు పోసి గట్టిగా ఊపితే పాచి ఊడొస్తుంది. ఆ తర్వాత లీటరు నీళ్లకు రెండు చెంచాల లిక్విడ్ బ్లీచ్ కలిపి పది నిమిషాలుంచి కడిగేయండి. పోయినసారి పూలు పెట్టి ఊరికే నీళ్లతో తొలిచి పక్కన పెట్టిన వేజ్‌లోనే కొత్త పూలు పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాను. రెండో రోజుకే వాడాయంటే సగం కేసుల్లో కారణం అదే.

ఎలా కోయాలి. పదునైన చాకుతో, లేదా కొత్త బ్లేడుతో. మొండి కత్తెర కాడను నలిపేస్తుంది. నలిగితే గొట్టాలు అక్కడే మూసుకుపోతాయి. ఏటవాలుగా కోయమంటారు, అది మంచిదే. అలా కోస్తే కాడ చివర వేజ్ అడుగుకు సమంగా అంటుకుపోకుండా నీళ్లు ఆడతాయి. కోసిన చోట ఓసారి చూడండి. బాగున్న గులాబీ కాడ లోపల లేతాకుపచ్చగా, తడిగా మెరుస్తుంది. గోధుమరంగుగా, పొడిబారినట్టు కనిపిస్తే ఇంకొంచెం పైకి కోయండి, పచ్చటి భాగం వచ్చేదాకా. గులాబీలకు మాత్రం నీళ్లలో ముంచి కోయడం మేలు. బేసిన్‌లో నీళ్లు పోసి, కాడ చివర నాలుగు వేళ్ల లోతున ముంచి, నీళ్లలోనే కోసి వెంటనే వేజ్‌లోకి మార్చండి. కోసిన కాడను గట్టు మీద పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చి వేజ్‌లో పెడితే కోసి ప్రయోజనం లేదు. కొయ్యకాడల చివర సుత్తితో చితకగొట్టమనే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. దాన్ని మర్చిపోండి. చితికిన కాడ తొందరగా కుళ్లుతుంది. కావాలంటే చివర నిలువుగా అంగుళం చీల్చండి.

ఇంటికి తేగానే అందంగా అమర్చే పనిలో పడకండి. ముందు ఆకులు తీసి, కోసి, బకెట్లో జానెడు లోతు నీళ్లలో నిలబెట్టి, నీడగా చల్లగా ఉన్న చోట రెండు గంటలు వదిలేయండి. మార్కెట్ నుంచి ఎండలో బండి మీద వచ్చిన పూలు అప్పటికే దాహంతో ఉంటాయి. గులాబీలను ఆ రెండు గంటలూ న్యూస్‌పేపర్‌లో మెడదాకా బిగుతుగా చుట్టి పెడితే మెడ నిటారుగా గట్టిపడుతుంది. పూలకొట్టువాళ్లు అట్టముక్క చుట్టి ఉంచేది కూడా కొంత అందుకే. అక్కడ నాలుగు రోజులు ఎందుకు నిలుస్తాయంటే మందు మహిమేమీ లేదు. లోతైన బకెట్లు, నీడ, చుట్టూ తడిగాలి, ఫ్యాన్ లేకపోవడం. అంతే.

ఇక నీళ్లలో ఏం కలపాలి అన్నది. పూల మందు పొట్లాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, దొరికితే పొట్లం మీద రాసిన కొలత ప్రకారం వాడండి. ఇంట్లోనే చేసుకోవాలంటే మూడు పదార్థాలు కావాలి: పూవుకు తిండిగా పంచదార, నీళ్లు తొందరగా పైకెక్కడానికి పులుపు, బాక్టీరియాను ఆపడానికి కాస్త క్లోరిన్.

లీటరు నీళ్లకు: పంచదార రెండు చెంచాలు (సుమారు 10 గ్రాములు), వడకట్టిన నిమ్మరసం రెండు చెంచాలు (10 మి.లీ.), బట్టలకు వాడే లిక్విడ్ బ్లీచ్ 1 మి.లీ., అంటే డ్రాపర్‌తో 20 చుక్కలు.

చెంచా అంటే టీ చెంచా. బ్లీచ్ రంగు, సువాసన లేని మామూలుది తీసుకోండి. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 4 లేదా 5 శాతం అని ఉంటుంది. ముందు నీళ్లలో పంచదార, నిమ్మరసం కలిపి, చివర్లో బ్లీచ్ చుక్కలు వేయండి. నీళ్లు లేకుండా బ్లీచ్‌నీ నిమ్మరసాన్నీ ఒకే గ్లాసులో ఎప్పుడూ కలపకండి. ముక్కు, గొంతు మండించే క్లోరిన్ వాయువు వస్తుంది. లీటరు నీళ్లలో 20 చుక్కలతో ఆ ఇబ్బంది లేదు. క్లోరిన్ బలం రెండు రోజుల్లో తగ్గిపోతుంది, అందుకే ఈ మందు వేసినా రెండు రోజులకు నీళ్లు మార్చాల్సిందే.

బ్లీచ్ వాడటం ఇష్టం లేకపోతే పంచదార కూడా మానేయండి. ఒట్టి నీళ్లు పోసి, వీలైతే రోజూ మార్చండి. మధ్యేమార్గం లేదు. నిమ్మ రుచి ఉన్న తెల్ల కూల్ డ్రింక్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు కలిపినా పని చేస్తుంది, ఎందుకంటే అందులో పంచదార, సిట్రిక్ యాసిడ్ రెండూ ఉన్నాయి. దానికీ అవే బ్లీచ్ చుక్కలు కావాలి. డైట్ డ్రింక్‌లో పంచదారే ఉండదు కాబట్టి అది పనికిరాదు.

ఆస్పిరిన్ వల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడదు. తిండి కాదు, బాక్టీరియాను ఆపేంత శక్తీ దానికి లేదు. రాగికి బాక్టీరియాను చంపే గుణం ఉన్న మాట నిజమే, కానీ వేజ్ అడుగున పడున్న ఒక బిళ్ళ నుంచి నీళ్లలోకి దిగే రాగి లెక్కలోకి రాదు. ఇప్పటి రూపాయి బిళ్ళ అయితే స్టెయిన్‌లెస్ స్టీలే, దానికి ఆ గుణం కూడా లేదు. ఇంకో మాట, పైన చెప్పిన నిమ్మరసం నీళ్లను ఇత్తడి, రాగి పాత్రల్లో పోయకండి. పులుపు లోహాన్ని తింటుంది, పాత్ర మచ్చలు పడుతుంది, పూలకూ మంచిది కాదు. ఇత్తడి చెంబులో అమర్చాలనుకుంటే లోపల గాజు గ్లాసు దింపి అందులో పెట్టండి.

నీళ్ల గురించి మనవైపు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీళ్లు. ఉప్పు తేలే ఆ గట్టి నీళ్లు నిమ్మరసంలోని పులుపును విరిచేస్తాయి. అలాంటి నీళ్లకు నిమ్మరసం రెట్టింపు వేయాలి, లేదంటే ఆర్వో నీళ్లు వాడాలి. లీటరున్నర పట్టే వేజ్‌కి ఆర్వో నీళ్లు పెద్ద ఖర్చు కాదు కాబట్టి నేనైతే అదే చెప్తాను. బోరు నీళ్లను సాఫ్టనర్ మిషన్ గుండా పంపితే మెత్తబడతాయి కదా అంటారు. కానీ అందులో కాల్షియం బదులు సోడియం చేరుతుంది, గులాబీలకు అది ఇంకా చెరుపు. నల్లగొండ వైపులాగా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట జెర్బెరా, గ్లాడియోలస్ అసలు తట్టుకోవు. రేకల అంచులు మాడినట్టు అవుతాయి. ఆర్వో ఫ్లోరైడ్‌ని చాలావరకు తీసేస్తుంది.

వేజ్ ఎక్కడ పెట్టాలంటే, ఎండ, సీలింగ్ ఫ్యాన్ గాలి, ఏసీ గాలి నేరుగా తగలని చోట. ఏసీ గది చల్లదనం మంచిదే, దాని పొడిగాలి సూటిగా కొట్టడమే చెరుపు. వేడి పెరిగేకొద్దీ పూవు తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని తొందరగా ఖర్చు చేసేస్తుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడు రెట్లవుతుంది. అందుకే జనవరిలో వారం నిలిచిన గులాబీ మేలో మూడు నాలుగు రోజులకే పోతుంది, దానికి మీ తప్పేమీ లేదు. వేసవిలో రాత్రి పడుకునే ముందు వేజ్‌ను ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోట, మామూలుగా అయితే స్నానాలగది నేల మీద, పెట్టండి. ఒక రోజైనా కలిసొస్తుంది.

పండ్ల బుట్ట పక్కన మాత్రం పెట్టకండి. పండే అరటి, మామిడి, యాపిల్ ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి. కార్నేషన్ దీనికి బాగా లొంగుతుంది. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు ఇథిలీన్ ఉంటే చాలు, విచ్చుకున్న పూవు ఒక్క రోజులో లోపలికి ముడుచుకుపోతుంది, ఇక తెరుచుకోదు. మామిడికాయలు గడ్డిలో మాగేసిన గదిలో కార్నేషన్ బొకే పెట్టారంటే మర్నాటికి ఆశ వదులుకోవాల్సిందే. పొగలోనూ ఈ వాయువు ఉంటుంది, కాబట్టి తలుపులు మూసి అగరొత్తులు వెలిగించే పూజగది వేజ్‌కు మంచి చోటు కాదు. చామంతి, జెర్బెరాలకు ఈ బెడద తక్కువ.

ఇప్పుడు మీరు తెచ్చే పూల సంగతి.

జెర్బెరా. దీనికి మీరు చేస్తున్నది సరిగ్గా తిరగబడింది. నిండా నీళ్లు పోయకూడదు, రెండు అంగుళాలు చాలు. కాడ మీద సన్నటి నూగు ఉంటుంది, మెత్తన కూడా. ఎంత మునిగితే అంత భాగం కుళ్లుతుంది. జెర్బెరాను రైతులు కత్తితో కోయరు, మొక్క మొదలు నుంచి లాగి తీస్తారు. అందువల్ల కాడ చివర మడమలాంటి గట్టి భాగం ఉండిపోతుంది. అందులోంచి నీళ్లు సరిగ్గా ఎక్కవు. కట్ట విప్పగానే ఆ గట్టి చివరను రెండు అంగుళాల దాకా కోసేయాలి. ఇది చేయకపోవడం వల్లే చాలామంది జెర్బెరాలు రెండో రోజే వంగుతాయి. జెర్బెరాకు పంచదార కంటే క్లోరిన్ ముఖ్యం. లీటరుకు ఆ 20 చుక్కల బ్లీచ్ ఒక్కటి వేసినా చాలు. తల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు వెంటనే తీయకండి, నీళ్లు తాగిన రెండు గంటల తర్వాత తీయండి. అప్పటికే వంగినవుంటే కాడ కొత్తగా కోసి, పేపర్‌లో నిటారుగా చుట్టి నీళ్లలో నిలబెట్టండి. నిన్నా ఇవాళా వంగినవి లేస్తాయి. కాడ మడత పడి చీలిందంటే లేవదు, అక్కడికి కోసి గిన్నెలో నీళ్ల మీద తేలేయండి.

గులాబీ. కొనేటప్పుడే సగం పని అయిపోతుంది. మొగ్గను కింద, తొడిమ దగ్గర రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే తాజాది. మెత్తగా స్పాంజిలా తగిలితే ఎప్పుడో కోసింది. బయటి రేకలు రెండు మూడు ఆకుపచ్చగా, ముడతలుగా ఉంటే అది చెడిపోవడం కాదు. మొగ్గను కాపాడే రేకలవి, ఇంటికొచ్చాక కిందకు లాగి తీసేయొచ్చు. అన్నీ బిగుసుకున్న మొగ్గలే ఏరుకోవద్దు. మరీ ముదరకముందు కోసిన మొగ్గ విచ్చుకోకుండానే మెడ వాల్చేస్తుంది. ఒకటి రెండు రేకలు వదులవుతున్న మొగ్గ సరైనది. హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి పొద్దున్నే వెళ్తే 20 పూల కట్ట నీళ్ల బకెట్లోంచి తీసిస్తారు. పదకొండు దాటాక ఎండలో పరిచి పెట్టిన కట్టలు అడ్డికి పావుశేరు ధరకిచ్చినా తీసుకోకండి.

మెడ వాల్చిన గులాబీ కొత్తగా వాలిందైతే బతుకుతుంది. కాడను నీళ్లలో ముంచి అంగుళంన్నర కోసి, మొత్తం పూవును, తలతో సహా, టబ్బులో మామూలు నీళ్లలో పడుకోబెట్టండి. అరగంట నుంచి గంట. మెడ గట్టిపడ్డాక తీసి, మెల్లగా విదిలించి, గోరువెచ్చటి నీళ్లు పోసిన వేజ్‌లో పెట్టండి. మామూలుగా మాత్రం గులాబీ రేకల మీద నీళ్లు చిలకరించకండి. తడి నిలిచిన చోట బూజు పట్టి గోధుమరంగు చుక్కలు వస్తాయి. కొట్లో చల్లుతారు కదా అనొచ్చు, వాళ్లకు సాయంత్రందాకా కళగా కనబడితే చాలు.

రజనీగంధ. మార్కెట్లో లిల్లీ అని అడిగినా ఇదే ఇస్తారు. కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోయే పూవు ఇది, కింద ఒకటి రెండు విచ్చుకున్న కాడ కొనండి. పైమొగ్గలు విచ్చుకోవడానికి తిండి కావాలి కాబట్టి పంచదార మందు బాగా అక్కరకొచ్చేది దీనికే. వాడిన కింది పూలను రోజూ గిల్లేయండి. చిట్టచివర ఉన్న చిన్న చిన్న మొగ్గలు ఎలాగూ విచ్చుకోవు, మొదటి రోజే తుంచేస్తే మిగతావి బాగా వస్తాయి. గ్లాడియోలస్‌కూ ఇదే పద్ధతి, కాకపోతే దాన్ని ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే కొస పైకి వంగి, ఆ వంకర అలాగే ఉండిపోతుంది.

కాడ చామంతి అన్నిటికన్నా నెమ్మది మీద ఉంటుంది, రెండు వారాలదాకా నిలవగలదు. ముందు ఆకులు పండుతాయి, అవి తీసేస్తూ పోతే సరి. కాడ కింద కొయ్యబారిన భాగం ఉంటే దాని పైకి కోయండి. బంతి కాడలను మాత్రం వేరే పూలతో కలిపి పెట్టకండి, నీళ్లను అంత తొందరగా పాడుచేసేది ఇంకోటి లేదు. తామరతో ఎవరూ గెలవలేదు. మొగ్గ తెచ్చిన రోజే రేకలు చేత్తో మడిచి పెట్టుకుని, మర్నాటికి నల్లబడుతుందని ముందే అనుకోవడం మంచిది.

ఫ్రిజ్ గురించి కూడా అడిగారు. గులాబీ, కార్నేషన్, చామంతిని రాత్రిపూట పెట్టొచ్చు, కానీ లోపల పండ్లు లేకుండా ఉండాలి, పూలు వెనక గోడకు తగలకూడదు, పేపర్ చుట్టి ఉండాలి. ఆర్కిడ్, ఆంథూరియం, హెలికోనియా వేడి ప్రాంతాల పూలు. ఫ్రిజ్ చలికి రేకలు కమిలి నల్లమచ్చలు పడతాయి. వీటిని గదిలోనే ఉంచండి, ఆంథూరియం అక్కడే రెండు వారాలు నిలుస్తుంది.

తలలోకి, పూజకు తెచ్చే మల్లెలకు కాడ ఉండదు కాబట్టి లెక్క వేరు. వాటికి తేమ పోకుండా, తడి తగలకుండా చూడాలి. విచ్చని మొగ్గలే కొని, పిండేసిన తడి నూలుగుడ్డ స్టీలు డబ్బా అడుగున పరిచి, దాని మీద అరటాకు ముక్క వేసి, ఆకు మీద మొగ్గలు వదులుగా పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. మొగ్గల మీద నేరుగా నీళ్లు చల్లితే తెల్లారేసరికి ఎర్రబడతాయి. మూరలు కట్టించుకునేటప్పుడు దారం బదులు తడిపిన అరటినారతో కట్టమని అడగండి, ఆ నార తేమ పూలకు ఇంకో పూట సాయం చేస్తుంది.

ఎవరైనా బొకే ఇస్తే ప్లాస్టిక్ చుట్టుతో అలాగే బల్ల మీద పెట్టేయడం మామూలే. చుట్టు, రిబ్బను విప్పేసి, కాడలు కోసి వేజ్‌లోకి మార్చండి. పచ్చటి స్పాంజిలాంటి ఫోమ్‌లో గుచ్చిన బుట్ట అయితే పూలు పీకకండి, తీసిన కన్నంలోనే మళ్లీ గుచ్చితే కింద గాలి మిగిలిపోతుంది. రోజూ ఫోమ్ మీద వేలితో నొక్కి చూసి, నీళ్లు వేలికి అంటకపోతే అర గ్లాసు మందు నీళ్లు మెల్లగా పోస్తుండండి. ఆ బొకేలో పెద్ద ఏషియాటిక్ లిల్లీలుంటే విచ్చుకోగానే లోపలి పుప్పొడి తిత్తులు టిష్యూతో తీసేయండి, బట్టకంటితే మరక ఒక పట్టాన వదలదు. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం ఆ లిల్లీలను లోపలికే రానివ్వకండి. పుప్పొడి, ఆకు, ఆఖరికి వేజ్‌లో నీళ్లు కూడా పిల్లి కిడ్నీలను దెబ్బతీస్తాయి. రజనీగంధతో ఆ ప్రమాదం లేదు, పేరొక్కటే కలిసింది.